తీన్‌మార్ కిన్నరి

ఒక బడి వార్షికోత్సవాన్ని నాలుగు నిమిషాల్లో పెళ్లి ఊరేగింపుగా మార్చడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. దానికి చదువు కావాలి. నా దగ్గర అది దండిగా ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ చదువుతో నేను నా కన్నబిడ్డను, ఒక ముఖ్య అతిథిని, నా కళ్లద్దాలను ఒకే సాయంత్రం ఏ గతి పట్టించానో చెబుతాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. మా కాలనీ వాళ్లు ఏడేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. మీరూ వచ్చి చేరితే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

ముందు నా సంగతి. నాచారంలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్ చూసుకుంటాను. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయిందని మా బంధువులు అంటారు. అది అబద్ధం. ఆగింది కాలేజీ. చదువు మాత్రం ఉప్పల్‌లోని ఒక చిన్న గ్రంథాలయంలో, కిటికీ పక్కన మూడో కుర్చీలో, ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయన్న సంగతి మా ఫ్యాక్టరీ మొత్తం మీద నాకొక్కడికే తెలుసు. "తెలుసుకోని ఏం జేసినవయ్యా?" అని మా ఆవిడ సుజాత అడుగుతుంది. జ్ఞానాన్ని అలాంటి ప్రశ్నలు అడగకూడదు.

ఇక మా అమ్మాయి అమూల్య. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. వాళ్ల బడిలో ఏటా వార్షికోత్సవం నాడు ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడతారు. ఆ పోటీ ఎలా ఉంటుందో పిల్లలున్న వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అద్దె దుకాణం నుంచి స్పాంజి కూరగాయ ఒకటి తెచ్చి పిల్లకు తొడుగుతారు. ఆ పిల్ల మైకు ముందుకు వచ్చి "ఐ యామ్ ఎ క్యారెట్, ఐ యామ్ గుడ్ ఫర్ యువర్ ఐస్" అని చెప్పి, ఆ క్యారెట్‌లోంచి తన కళ్లకే ఏమీ కనపడక స్టేజీ అంచు దాకా నడిచి, టీచరమ్మ చెయ్యి దొరకబుచ్చుకుని దిగిపోతుంది. చప్పట్లు. తర్వాత బెండకాయ.

అమూల్య రెండో తరగతిలో టమాట. అది గండం లేకుండా గడిచింది. మూడో తరగతిలో వంకాయ. ఆ వంకాయే కొంప ముంచింది. పిల్ల మైకు ముందు నిలబడి "ఐ యామ్ ఎ బ్రింజాల్" అందో లేదో, వెనక వరుసలోంచి ఒక మహానుభావుడు "గుత్తి వంకాయా, మసాలా ఏడబెట్టినవ్?" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. పిల్ల రెండో వాక్యం మరచిపోయి, నెత్తిన తొడిమతో సహా ఏడుస్తూ దిగివచ్చింది. మర్నాటి నుంచి బడి వ్యాన్‌లో దాని పేరు గుత్తి వంకాయ. వ్యాన్ మా సందు మలుపు తిరగకముందే "గుత్తి వంకాయ స్టాప్ ఒచ్చింది" అని లోపలి నుంచి కేకలు. ఏడాది పొడుగునా అదే.

అందుకే ఆ ఏడు పోటీ మాట ఎత్తగానే అది తల అడ్డంగా ఊపింది.

"నేను పోను డాడీ. మళ్ల నవ్వుతరు."

"ఎవ్వలు నవ్వకుండ నేను జూస్త గదా బిడ్డా. నువ్వేం గావాల్నో జెప్పు. నేను తయారుజేస్త."

అది లేచి వెళ్లి, నేను గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక బొమ్మల పుస్తకం తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. గ్రీకుల పురాణ గాథలు. అందులో ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. నడుము దాకా మనిషి, అక్కడి నుంచి గుర్రం. వాళ్లు సెంటార్ అంటారు.

"గిది. దీన్ని జూస్తే ఎవ్వరు నవ్వరు. భయపడ్తరు. కానీ డాడీ, ఎనక కాళ్లు గూడ నడవాలె. ఉత్తగ ఊగుతుంటే మళ్ల నవ్వుతరు."

"నడుస్తయి."

"నన్ను జూసి ఒక్కరు గూడ నవ్వొద్దు. ప్రామిస్?"

"ప్రామిస్" అని దాని చేతిలో చెయ్యి వేశాను. ఈ కథలో మిగిలినదంతా మరచిపోయినా ఫరవాలేదు గాని, ఈ ప్రామిస్ మాత్రం గుర్తుంచుకోండి. నేనైతే ఆ రోజు నుంచి నిద్రలో కూడా మరచిపోలేదు.

మర్నాడే గ్రంథాలయానికి వెళ్లి బీరువా పైఅరలోని లావుపాటి నిఘంటువు దింపించాను. మన పురాణాల్లోనూ ఇలాంటి వాళ్లున్నారు. గుర్రం తల, మనిషి ఒళ్లు ఉంటే కిన్నరుడు. మనిషి తల, గుర్రం ఒళ్లు ఉంటే కింపురుషుడు. ఈ తేడా తెలియక లోకం ఎంత అజ్ఞానంలో బతుకుతోందో తలుచుకుని జాలిపడుతూ ఇంటికి వచ్చి సుజాతకు చెప్పాను.

"మన బిడ్డ కింపురుషుడు."

సుజాత పప్పు గుత్తి పక్కన పెట్టింది. "ఆడపిల్లను వట్టుకోని గా పేరేందయ్యా? మైకుల చెప్తే ఎవ్వలకన్న సమజయితదా?"

"నిఘంటువుల గట్లనే ఉన్నది."

"నిఘంటువును రమ్మను, గదే చెప్పుకుంటది స్టేజీ మీద. నా బిడ్డ చెప్పదు."

చివరకు కిన్నరి అన్న పేరుకు రాజీ కుదిరింది. శాస్త్రం ప్రకారం తప్పే. మనసులో నిఘంటువుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇంట్లో గెలిచిన పండితుణ్ని నేనింతవరకు చూడలేదు.

పనికి సత్తయ్య కావాలి. సత్తయ్య నా చిన్ననాటి దోస్తు. వరసకు ఏమీ కాడు గాని నేను బావా అంటాను, అతనూ బావా అంటాడు. చిల్కానగర్‌లో అతనికి వెల్డింగ్ షాపు ఉంది, గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. పుస్తకంలోని బొమ్మ చూపించగానే అతను అర నిమిషంలో ఉపాయం చెప్పేశాడు.

"గిదేమన్న పెద్ద పనా బావా? ఎనక రెండు పైపులు కాళ్ల లెక్క పెడ్దం. పిల్ల కాలుకు, గా పైపుకు నడుమ ఒక కడ్డీ. పిల్ల నడిస్తే అవి గూడ నడుస్తయి. ఐపాయె."

నేను జాలిగా నవ్వాను. "గట్ల జేస్తే కుడిపక్క కాళ్లు రెండు ఒక్కసారి లేస్తయ్. ఎడమపక్కవి రెండు ఒక్కసారి లేస్తయ్."

"లేస్తే ఏమైతది?"

"గది ఒంటె నడక. గుర్రానిది వేరే. ముందుగాల ఎడమ ఎనక కాలు, తర్వాత ఎడమ ముందు కాలు, గటెన్క కుడి ఎనక, కుడి ముందు. పుస్తకంల ఉన్నది."

"నాచారంల గది ఎవ్వనికి దెలుస్తది బావా?"

"నాకు దెలుస్తది."

పాఠకులారా, ఆ నిమిషాన సత్తయ్య మాట విని ఉంటే మా బిడ్డ ఒంటెలా నడిచేది, ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు, నేనివాళ మరేదైనా విషయం మీద రాస్తూ ఉండేవాణ్ని. కాని తెలిసినవాడికి తెలియనట్టు ఉండటం చాలా కష్టం. తుమ్ము ఆపుకోవడం లాంటిది అది.

వెనక కాళ్లకు సొంత యంత్రం పెట్టాలని నిర్ణయించాను. పాత సామాను దుకాణంలో ఒక కారు వైపర్ మోటారు దొరికింది. స్కూటర్ బ్యాటరీ ఒకటి. కాళ్లకు ప్లాస్టిక్ నీళ్ల పైపులు. ఇనుప తీగతో గుర్రం ఒళ్లు అల్లి, ఫ్యాక్టరీలో అడిగి తెచ్చిన అట్ట, స్పాంజి చుట్టి, పైన గోధుమరంగు మఖ్మల్ గుడ్డ తొడిగాం. బరువు పిల్ల మీద పడకుండా పొట్ట కింద ఆఫీసు కుర్చీ చక్రాలు రెండు. గిట్టలకు కొబ్బరి చిప్పలు. స్విచ్ ఎక్కడ పెట్టాలని సత్తయ్య అడిగితే, అందం చెడకూడదని తోక కింద పెట్టించాను. వైపర్ స్విచ్ కదా, దానికి మూడు మెట్లు: ఆపడం, మెల్లగా, జోరుగా.

ఇక మిగిలింది నడక. పుస్తకంలో నడక వరుస ఉంది గాని, కాలు ఎంత ఎత్తు లేపాలి, ఎంతసేపు ఆగాలి అన్న వివరం లేదు. గుర్రాన్నే చూసి కొలుచుకోవాలి. మా వైపు గుర్రాలు ఎక్కడున్నాయని వాకబు చేస్తే చెంగిచెర్ల దగ్గర కరీం భాయ్ పేరు చెప్పారు. పెళ్లి బరాత్ ఊరేగింపులకు గుర్రం తోలే మనిషి. పెళ్లి గుర్రం అన్న సంగతి నాకు తెలుసు, ఆ మాట దాచను. కాని పెళ్లికి వెళ్లి వచ్చినంత మాత్రాన నా నడక మారుతుందా? గుర్రానిదీ మారదనుకున్నాను.

రేకుల షెడ్డు కింద చాందిని అనే తెల్లటి ఆడగుర్రం నిలబడి తీరిగ్గా గడ్డి తింటోంది. కరీం భాయ్ నవారు మంచం మీద నుంచి లేచి వచ్చాడు.

"నీ గుర్రం ఎట్ల నడుస్తదో జర సూడాలె భాయ్" అన్నాను.

"సూడుండ్రి సాబ్. బుకింగ్‌కు ముంగట అందరు గదే అడుగుతరు. మా చాందిని నడక సూస్తే ఇంకొక గుర్రం దిక్కు సూడరు."

అతను తాడు విప్పి, ఒక ఖాళీ నూనె డబ్బా తీసుకుని దాని మీద పుల్లతో కొట్టసాగాడు. ఈగలను తోలుతున్నాడనుకున్నాను. అవును, నిజంగా అలాగే అనుకున్నాను. చాందిని తల ఎత్తింది. రెండడుగులు వేసింది. ఆగింది. నడుమును ఎడమకు ఒక విసురు, కుడికి ఒక విసురు. ఆ పైన వెనక కాలు ఒకటి గాలిలోకి ఛడేలుమని ఒక తన్ను. మళ్లీ రెండడుగులు, ఆగడం, విసురు, విసురు, తన్ను. గడియారంలా ఒక్క పొల్లు తప్పలేదు.

నా ఒళ్లు పులకరించింది. పుస్తకం తప్పు! ఇన్నేళ్లుగా విద్వాంసులందరూ తప్పు! పాపం, వాళ్లు ఎక్కడో చలిదేశాల గుర్రాలను చూసి రాసుకున్నారు. దక్కను గుర్రం నడక వాళ్లకేం తెలుసు? జీవితంలో మొదటిసారి ఒక పుస్తకాన్ని కాదని, కంటి ముందున్న సత్యాన్ని ఒప్పుకున్నాను. ఎంత వినయం! ఫోన్లో వీడియో తీశాను. నోటుబుక్కులో "రెండు అడుగులు, ఒక విరామం, రెండు విసుర్లు, ఒక తన్ను" అని రాసి కింద గీత గీశాను.

"మీకు ఏ తారీఖుకు గావాలె సాబ్?" అన్నాడు కరీం భాయ్.

"నడక ఒక్కటే గావాలె భాయ్" అన్నాను గంభీరంగా. అతను నన్ను అదోలా చూసి డబ్బా కింద పెట్టాడు. వెంటనే చాందిని కూడా ఆగిపోయింది. ఆ రెండింటికీ సంబంధం ఏమిటని నేను అడగలేదు. న్యూటన్ నెత్తిన ఆపిల్ పడితే దులుపుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఎలా ఉండేదో, అలా బస్సెక్కి వచ్చేశాను.

సత్తయ్య షాపులో ఒక చెక్క చక్రం కోయించాను. దాని అంచున ఒకచోట పెద్ద బుడిపె. చక్రం తిరుగుతూ ఆ బుడిపె వచ్చినప్పుడల్లా వెనక కాలు తన్నాలి. పక్కనే ఇంకో కడ్డీ, అది నడుమును అటూ ఇటూ విసరాలి. స్విచ్ వేశాం. మెత్తటి మట్టి నేల మీద కాళ్లు చప్పుడు లేకుండా కదిలాయి. రెండు అడుగులు, విసురు, విసురు, తన్ను.

సత్తయ్య నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. "బావా, గుర్రం గిట్ల నడుస్తదా? గుర్రానికి జ్వరమొచ్చినట్టున్నది!"

నేను ఫోన్ తీసి వీడియో చూపించాను. డబ్బా మోత చెవులు చిల్లులు పడేలా ఉందని శబ్దం తీసేసి ఉంచాను. తెరమీద చాందిని నిశ్శబ్దంగా రెండు అడుగులు వేసి, విసిరి, విసిరి, తన్నింది. సత్తయ్య నవ్వు ఆగిపోయింది. రెండుసార్లు చూశాడు.

"గుర్రమే గట్ల నడుస్తుంటే నేనేం జెప్తా" అన్నాడు తల గోక్కుంటూ.

వార్షికోత్సవం నాచారంలో ఒక ఫంక్షన్ హాల్లో. ముఖ్య అతిథి రైల్వేలో రిటైరైన ఒక పెద్దమనిషి. ఆయనకు స్వాగతం పలకడానికి బడివాళ్లు తీన్‌మార్ దరువు వాయించే వాళ్లను పిలిపించారు. మా దగ్గర డప్పులు, డ్రమ్ములు లేకుండా పెద్దమనుషులు గేటు దాటి లోపలికి రారు. పచ్చ చొక్కాలు తొడుక్కున్న ఐదుగురు ఆయన్ను మోత మోగిస్తూ తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, మెళ్లో బంతిపూల దండ పడగానే స్టేజీ పక్కన నేల మీద చతికిలబడి చాయ్ తాగుతున్నారు.

తెర వెనక అమూల్యకు పట్టీలు బిగించాను.

"డాడీ, నవ్వరు గదా?"

"గుర్రం నడక జూసి నవ్వేటోళ్లు లోకంల లేరు బిడ్డా. నువ్వు నేను రాసిచ్చిన మాటలు నిమ్మలంగ చెప్పు."

ముందు ఒక కాకరకాయ వెళ్లి వచ్చింది. "నెక్స్ట్, అమూల్య, నాలుగో తరగతి" అని టీచరమ్మ పిలిచింది. ఎవరో పిల్లలు "గుత్తి వంకాయ..." అని సన్నగా రాగం తీశారు. నేను తోక ఎత్తి స్విచ్ వేశాను.

తెరలోంచి అది బయటికి రాగానే హాలు నిశ్శబ్దమైపోయింది. అతిశయం అనుకోకండి. మఖ్మల్ మెరుస్తోంది, జూలు వీపు మీదుగా జారుతోంది, పిల్ల తల ఎత్తి రాణిలా నడుస్తోంది. "అమ్మో!" అన్నారెవరో. రాగం తీసిన పిల్లల నోళ్లు మూతపడ్డాయి. ఎనిమిది సెకన్ల పాటు నేను లోకంలో అందరికన్నా గొప్ప తండ్రిని. ఆ ఎనిమిది సెకన్లు నా నుంచి ఎవరూ తీసుకోలేరు.

తొమ్మిదో సెకనులో గుర్రం తెర దగ్గరి కార్పెట్ దాటింది, చెక్క స్టేజీ మీద కొబ్బరి చిప్పలు మాట్లాడాయి.

టక్ టక్. విసురు. విసురు. ఛట్!

టక్ టక్. విసురు. విసురు. ఛట్!

స్టేజీ పక్కన చాయ్ తాగుతున్న ఐదుగురిలో పెద్దాయన తల ఎత్తాడు. ఎడమ చేతిలో గ్లాసు అలాగే ఉంది. కుడి చేతిలో పుల్ల దానంతట అదే లేచింది. ఆయన తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు పెళ్లి గుర్రాల ముందు వాయించిన చెయ్యి అది. దన్ దన్ దనాదన్ దన్!

మిగతా నలుగురు గ్లాసులు కింద పెట్టేశారు.

అమూల్య మైకు దగ్గరికి చేరింది. "ఐ యామ్ ఎ కిన్నరి" అంది. వెనక కాళ్లు తన్నాయి. "ఐ లివ్ ఇన్ ది హిమాలయాస్." నడుము ఎడమకు, కుడికి. "ఐ యామ్ వెరీ కామ్ అండ్ క్వయట్." దన్ దన్ దనాదన్ దన్!

ముందు సగం తపస్సు చేస్తోంది. వెనక సగం బరాత్‌లో ఎగురుతోంది. రెండు సగాలకూ పరిచయమే లేనట్టుంది.

హాలు పేలింది. ఈలలు. కుర్చీల మీద నిలబడ్డ వాళ్లున్నారు. "అరె, గుర్రం మస్తు ఎగురుతుందిర!" అని ఒకడు, "పెండ్లికొడుకేడి? పెండ్లికొడుకును దింపుండ్రి!" అని ఇంకొకడు. ముఖ్య అతిథి గారి కుడికాలు కార్పెట్ మీద తాళం వేస్తోంది. మూడో వరుసలో సుజాత చున్నీ ముఖం మీదికి లాక్కుంది.

నేను పరుగెత్తాను. స్విచ్ తోక కింద ఉంది, తోక గుర్రం వెనక ఉంది, గుర్రం తంతోంది. మొదటి తన్నుకు నా కళ్లద్దాలు ఎగిరి డ్రమ్ములవాళ్ల మధ్య పడ్డాయి. ఇక నాకు లోకమంతా మఖ్మల్. తడుముకుంటూ తోక ఎత్తి, వేలికి తగిలిన స్విచ్‌ను బలంగా ఒక మెట్టు తిప్పాను.

జోరు.

గుర్రం రెట్టింపు వేగం అందుకుంది. వాయించే వాళ్లు నిజాయితీపరులు, వాళ్లూ అందుకున్నారు. నేను వెనక కాళ్లు రెండూ కౌగిలించుకుని ఆపబోయాను. అవి ఆగలేదు, నన్నే తమతో తీసుకుపోయాయి. ఎడమకు విసిరితే నేను ఎడమకు, కుడికి విసిరితే కుడికి. కింద నుంచి చూసేవాళ్లకు అదెలా కనబడిందో మీరు ఊహించగలరు.

"పెండ్లికొడుకొచ్చిండు!" అని హాలు ఊగిపోయింది. ముఖ్య అతిథి లేచి నిలబడి, మెడలోని దండ తుంచి, బంతిపూల రేకులు నా మీద చల్లాడు. ఆయన చాలా మంచి మనిషని తర్వాత అందరూ చెప్పారు.

అప్పుడు అమూల్య వెనక్కి తిరిగి చూసింది. కళ్లద్దాలు లేకపోయినా అంత దగ్గరగా ఉన్న బిడ్డ ముఖం కనపడకుండా ఉంటుందా? పెదవి వణుకుతోంది.

"డాడీ, నవ్వుతున్నరు" అంది. అంతే అంది.

ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను, వందసార్లూ నవ్వుతూనే చెప్పాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. ఇచ్చిన మాట అక్కడే, అందరి ముందూ, నా చేతులతో నేనే విరిచేశాను. ఆ కాళ్లు వదిలేసి పిల్లను ఎత్తుకుని పారిపోదామనుకున్నాను. వదిలితే తంతుంది.

అది నన్ను పైనుంచి కిందికి చూసింది. నెత్తిన బంతిపూలు, నోట్లో గుర్రం తోక వెంట్రుకలు, చేతుల్లో నీళ్ల పైపులు, ఎడమకు కుడికి ఊగుతున్న తండ్రి. దాని పెదవి వణుకు ఆగింది. ఒక పక్కకు వంకర తిరిగింది. గభాలున మైకు వైపు తిరిగి, నేను రాసిచ్చిన ఇంగ్లీషు మొత్తం పక్కన పెట్టి, గట్టిగా, తెలుగులో అంది:

"నేను కిన్నరిని. ముందు సగం నేను. వెనుక సగం మా డాడీ!"

ఆ చప్పట్లు నాగోల్ మెట్రో స్టేషన్ దాకా వినపడి ఉంటాయి. అది ఎత్తిన తల దించకుండా అటూ ఇటూ నమస్కారం పెట్టింది, చక్రవర్తి కూతురిలా. ఆ సందట్లో నా వేలికి స్విచ్ మళ్లీ తగిలింది. ఈసారి రెండు మెట్లు వెనక్కి తిప్పాను. మోటారు మూలిగి నెమ్మదించింది. వాయించే వాళ్లు ఆపేశారు. హాలు నిశ్శబ్దమైంది. నేను చేతులు వదిలి, నడుము మీద చెయ్యి వేసుకుని, సభకు నమస్కరిద్దామని వెనక్కి తిరిగాను.

ఇక్కడ మీకొక శాస్త్ర విషయం చెప్పాలి. కారు వైపర్‌ను ఎక్కడ ఆపినా అది అద్దం మధ్యలో నిలబడిపోదు, మూలకు వెళ్లి పడుకునే దాకా మోటారు తిరుగుతుంది. ఈ సంగతి నేను ఆ తర్వాతి వారం చదివాను. ఆ రోజు నాకు చెప్పింది గుర్రమే. ఆఖరి తన్ను, సరిగ్గా నేను కూర్చునే చోట.

దన్! అని మోగించాడు డ్రమ్ముల పెద్దాయన. అలాంటి ముగింపు వదులుకోలేకపోయాడట, నా కళ్లద్దాలు తిరిగి ఇస్తూ చెప్పాడు.

మొదటి బహుమతి కాకరకాయకు వచ్చింది. అమూల్యకు రెండోది. తిరుగుదారిలో సత్తయ్య ట్రాలీ ఆటోలో, పక్కకు పడుకోబెట్టిన గుర్రం పక్కనే మేమూ కూర్చున్నాం. సత్తయ్య నడుపుతూనే వెనక్కి కేకేశాడు.

"బావా, అసలు గా గుర్రాన్ని యాడ జూసినవ్?"

"చెంగిచెర్ల కాడ. కరీం భాయ్‌ది."

ఆటో రోడ్డు మీద ఒక మెలిక తిరిగింది. "వారినీ! గది చాందిని గదనే! మా తమ్ముని బరాత్‌ల మూడు గంటలు ఎగిరింది. డప్పు మోగకుంటే అది అడుగు గూడ ఎయ్యదు బావా! తీన్‌మార్ నేర్పి పెంచిన గుర్రమది! గా వీడియోల సౌండ్ ఎందుకు బంద్ వెట్టినవ్?"

నేను గుర్రం జూలు సర్దడంలో పడ్డాను. ఏ విద్వాంసుడైనా ఒక్కోసారి మౌనం పాటించాలి.

కాసేపటికి ధైర్యం చేసి అమూల్యను అడిగాను. "నవ్విన్రు గదా బిడ్డా. నేను ప్రామిస్ జేసిన."

అది షీల్డు ఒళ్లో పెట్టుకుని, మఖ్మల్ వీపు నిమిరింది.

"నవ్విన్రు డాడీ. కానీ నన్ను జూసి కాదు గదా."

నిజమే. సోమవారం పొద్దున వ్యాన్ మా సందు మలుపు తిరిగింది. గుత్తి వంకాయ మాట లేదు. అమూల్య ఎక్కగానే పిల్లలు కిటికీ పక్క సీటు ఇచ్చారు. వ్యాన్ కదులుతుండగా పది తలలు కిటికీల్లోంచి బయటికి వచ్చి, "వెనుక సగం అంకుల్, టాటా!" అని చేతులు ఊపాయి. సాయంత్రానికి ఆ పేరు ఫ్యాక్టరీకి చేరింది. "వెనుక సగం ఒచ్చిండా? స్టోర్ తాళం తియ్యమనుండ్రి" అని మా సూపర్‌వైజర్. వారం తిరిగేసరికి గ్రంథాలయంలో కూడా, ఇచ్చిన పుస్తకాల లెక్క రాసుకునే ఆయన నా పేరు రాయబోయి, ఆగి, తల దించుకుని భుజాలు కదిలించడం చూశాను. ఏడేళ్లు గడిచాయి. అమూల్య ఇంటర్‌లోకి వచ్చింది. దాని స్నేహితులు ఇంటికి వస్తే గుమ్మంలోనే చేతులు జోడించి, "మీరేనా అంకుల్ వెనుక సగం?" అని భక్తిగా అడుగుతారు.

నేను బాధపడతానని మీరనుకుంటే పొరపాటు. నేనిచ్చిన మాట ఏమిటి? నా బిడ్డను చూసి ఒక్కరు కూడా నవ్వకూడదు. ఏడేళ్లుగా ఒక్కరూ నవ్వలేదు. నవ్వదలుచుకున్న వాళ్లందరికీ ఇంకో మంచి ఏర్పాటు చేశాను. ఇంత కచ్చితంగా మాట నిలబెట్టుకున్న తండ్రిని ఏ పుస్తకంలోనైనా చూపించండి, నేనే వెళ్లి బీరువా పైఅరలోంచి దింపించుకుని చదువుతాను.

అయినా లోకక్షేమం కోరి, మూడో కుర్చీలో నిటారుగా కూర్చుని, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: పుస్తకం ఒక మాట, గుర్రం ఇంకో మాట చెప్పిన చోట ఇకపై గుర్రాన్ని నమ్మను. ఈ చేతులతో ఇక ఏ జంతువుకూ, ఏ కారణం చేతా, వెనక భాగం తయారుచేయను. తయారుచేయాల్సిన అవసరం కూడా లేదు. మా ఇంట్లో ఆ ఉద్యోగం శాశ్వతంగా భర్తీ అయిపోయింది.